పళ్ళతో వినే ప్రాణం

ఫిబ్రవరి 9

ఇవాళ పాటల హాల్లో మరిది దొరికిపోయాడు. సొంత మరిది కాదు, ఆయన పాడే బృందంలో డ్రమ్ములు వాయించే మనిషి. నన్ను వదినా అంటాడు కాబట్టి నేనూ మరిది అనే రాసుకుంటాను.

అత్తయ్యకి ఈ ఆట ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. ఇంటికి నడిచి వస్తూ మళ్ళీ అడిగింది.

"పాట మధ్యలో 'దొరికాడు, దొరికాడు' అని ఆ కేకలేమిటే? పాపం, ఏం ఎత్తుకుపోయాడని?"

"అది దాపు అత్తయ్యా. ఇక్కడ పాడేవాళ్ళంతా ఆడే ఆటే. ప్రతి కొత్త పాటలోనూ మనవాళ్ళలో ఒకర్ని దాస్తారు. పేరుండదు. ఆడో మగో కూడా తెలియనివ్వరు. ఆ మనిషి అలవాటేదో మాటల్లో కలిపేస్తారు. విన్నవాళ్ళు కనిపెట్టాలి. ఆ మనిషి లేచి చెయ్యెత్తాలి. ఎవరూ లేవకపోతే ఆ చరణమే మళ్ళీ మళ్ళీ పాడతారు."

"వేరేవాడెవడో లేస్తే?"

"లేచినవాళ్ళదే పాట. పాడినవాడు కూడా కాదనకూడదు."

"మా రోజుల్లో మనిషిని తిట్టాలంటే మొహం మీదే తిట్టేవాళ్ళం. దానికి కరెంటు గిటార్లెందుకు?"

నవ్వొచ్చింది. తిట్టడం కాదు, పాటలో పడటం గౌరవం అని చెప్పాను. హాలు సొంతదారుణ్ణి ఇంతవరకూ ఎవరూ దాచలేదని ఆయన అలిగి కూర్చున్నాడు కూడా.

ఇవాళ్టి చరణం ఇది.

*తొడ కింద దాచుకున్న వరద*
*కర్ర పట్టితే తాళం*
*కర్ర వదిలితే వణుకు*

మరిది నవ్వుతూనే లేచాడు. దీపం తిప్పి మొహం మీద వేశారు. నవ్వు అలాగే ఉంది. నవ్వు వెనకాల మొహం మాత్రం చచ్చిపోయింది.

ఫిబ్రవరి 10

వణుకు సంగతి ఆయనకి చెప్పింది నేనే. టీ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు చూశాను. వాయించనప్పుడు మరిది చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంటాడు.

ఆయన కూడా చూసే ఉంటారు. రోజూ పక్కనే ఉంటారుగా.

ఫిబ్రవరి 13

లాండ్రీలో ఇవాళంతా హోటలు దుప్పట్లు. వెనక గదిలో ఆవిరి మిషన్ మోత. లాండ్రీ నడిపే అక్క ముందు గదిలోంచి ఏదో అరుస్తుంది, నేను తలూపుతాను. వినపడినా ఊపుతాను, వినపడకపోయినా ఊపుతాను. మాట నా గొంతు దాకా వచ్చి అక్కడే చతికిలబడుతుంది. బళ్ళోనూ అంతే. ఏడో తరగతి మధ్యలో మానేస్తే, మానేసినట్టు పంతులమ్మకి చాలా రోజులదాకా తెలియనే లేదట.

ఆయనతో ఒక్కరితోనే మాట్లాడతాను. భోజనం అయ్యాక గోడకి చేరగిలబడి, "ఊ, ఇవాళ ఏం చూశావు?" అంటారు. పెళ్ళయిన కొత్తలో ఆ మాటకి ఏడుపొచ్చేది. అప్పటిదాకా నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. చెప్పేకొద్దీ ఇంకా చెప్పమంటారు. నీ కళ్ళు బంగారమే అంటారు. రంగుల షాపులో పగలంతా డబ్బాలు కలిపి వస్తారు, గోళ్ళలో నీలమో ఎరుపో ఉంటుంది. ఆ వేళ్ళతో నా చెంప మీద కొడతారు, మెల్లిగా.

లావు తీగల గిటారు వాయించే పొడుగాయన ఉన్నాడు. అతను చొక్కా కాలరు అరిగినవైపు లోపలికి తిరగేసి కుట్టించుకుంటాడని చెప్పింది కూడా నేనే. ఇస్త్రీ చేసేవాళ్ళకి తెలుస్తుంది. అది పాటలో వచ్చినప్పుడు అతనే పడీ పడీ నవ్వాడు. నాకెంత గర్వమో! నా మాట పాటయింది. ఎవరికీ తెలియకపోతేనేం.

మరిదిదీ అలాంటిదే. నవ్వాడుగా.

ఫిబ్రవరి 15

వాళ్ళు సాధన చేసేది టైర్ల షాపు వెనక గదిలో. చప్పుడు బయటికి పోకుండా గోడలకి పాత పరుపులు మేకులతో దిగ్గొట్టారు. ఎవరి పరుపులో, ఎవరి మరకలో. రబ్బరు వాసన, చెమట వాసన, చెమ్మ వాసన. టీ గ్లాసుల్లోనే సిగరెట్లు ఆర్పుతారు. ఆ బూడిద నీళ్ళు పారబోసి, అవే కడిగి, మళ్ళీ వాటిలోనే పోసి ఇవ్వాలి.

ఆయన మైకు మీద నల్ల స్పాంజి తొడుగు ఉంటుంది. ఉతుకు అని చేతికిచ్చారు. నీళ్ళలో వేస్తే పచ్చగా దిగింది. ఎన్ని పాటల ఉమ్మో.

నేను వెళ్ళగానే మరిది చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. "గ్లాసు అక్కడ పెట్టు వదినా" అన్నాడు. పెట్టాను. నేను వీపు తిప్పాక తాగాడు.

ఫిబ్రవరి 16

ఇక చెప్పను.

ఫిబ్రవరి 21

ఆయన గిటారుకి తీగ బిగించే మర ఒకటి జారిపోతోంది. మేస్త్రి గారికి ఇచ్చి రమ్మన్నారు. ఇక్కడ గిటారు పట్టుకున్న ప్రతివాడూ మేస్త్రి దగ్గరికే పోతాడు. మెట్ల కింద చిన్న గది. గోడంతా మెడలు, మెడలు లేని మొండేలు, తీగల చుట్టలు. జిగురు వాసన.

గుమ్మంలో నిలబడి "మేస్త్రి గారూ" అన్నాను. నా గొంతు నాకే సరిగ్గా వినపడదు కదా అని ఇంకోసారి అన్నాను. అవతలికి తిరిగి ఉన్నారు. ఒక గిటారు తలని ఎత్తి, కొయ్య అంచుని పళ్ళ మధ్య పెట్టుకుని, కళ్ళు మూసుకుని తీగ మీటారు. మర తిప్పారు. మళ్ళీ మీటారు. పాలు తాగే పిల్ల మొహంలో ఉంటుందే, అలాంటి నెమ్మది.

నా నీడ బల్ల మీద పడేసరికి ఉలిక్కిపడి గిటారు దించి, చొక్కా చేత్తో కొయ్య తుడిచేశారు.

"ఎప్పుడొచ్చావమ్మా?"

నా నోటికేసి చూస్తున్నారు. కళ్ళకేసి కాదు. అప్పుడు అర్థమైంది. నాకు అర్థమైందని ఆయనకీ అర్థమైంది.

"ఎదురుగా కొత్త షాపు చూశావుగా. అక్కడ మిషన్ పెట్టి శ్రుతి చూస్తారు. అయినా నా దగ్గరికి ఎందుకొస్తున్నారు? 'మేస్త్రి చెవి, మేస్త్రి చెవి' అంటూ వస్తారు. ఆ చెవి పోయిందని తెలిసిందనుకో…" బల్ల మీది పొట్టు చేత్తో కిందికి ఊడ్చి చూపించారు. "పని పోలేదమ్మా. పని పళ్ళలోకి వచ్చింది. కానీ వాళ్ళకి చెవే కావాలి."

"ఎవరికీ చెప్పను" అన్నాను, ఆయనకి కనపడేలా నోరు పెద్దగా తెరిచి. ఎవరితోనైనా అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలేమో.

ఫిబ్రవరి 25

చెప్పేశాను.

కొత్త పాట రావడం లేదని ఆయన సరిగ్గా తినడం లేదు. "నువ్వు కూడా నాతో మాట్లాడటం మానేశావు. ఇక నాకెవరున్నారు?" అన్నారు. తల తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. మీకే చెప్తున్నాను, పాటలో పెట్టకూడదు అన్నాను. నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశారు. అప్పుడే చెప్పాను. ఒట్టేశాకే.

విన్నాక నాలుకతో పెదవి తడుపుకున్నారు. దాహం వేసి ఉంటుంది.

మార్చి 4

స్నానం చేస్తూ పాడుతున్నారు. తలుపు బయట బకెట్టుతో నిలబడి విన్నాను.

*ఊరి తీగలన్నీ బిగిసే చోట*
*పళ్ళతో వినే ప్రాణమొకటుంది*
*కొయ్యని కొరికి స్వరమడుగుతుంది*
*తలుపు తట్టకు, నీడ వెయ్యి*

బకెట్టు అక్కడే దించేశాను. వంటింటి తూము దగ్గర కూర్చున్నాను. ఏమీ రాలేదు, చేదు నీళ్ళు తప్ప.

నీడ సంగతి కూడా పెట్టారు. ఒక్కటీ వదల్లేదు.

మార్చి 5

"నా నెత్తి మీద ఒట్టేశారు."

"నెత్తి బాగానే ఉందిగా?"

నవ్వుతారేమో, పొరపాటైంది అంటారేమో అని చూశాను. గిటారు తుడుచుకుంటూ ఉన్నారు.

"ఆయన పొట్ట కొడుతున్నారండీ."

"పేరు పెట్టానా? షాపు అడ్రసు పెట్టానా? అయినా ఇది మేస్త్రికి గౌరవమే, పిచ్చిమొహమా. ఇన్నేళ్ళుగా అందరి గిటార్లూ సవరించాడు. ఒక్కడైనా ఆయన్ని దాచాడా?"

"ఆయనే దాచుకున్నారు. మీరు బయటపెడుతున్నారు."

ఈయన తుడవడం ఆపారు. ఆ మాట కూడా ఎక్కడైనా పనికొస్తుందా అని చూస్తున్నట్టు అనిపించింది.

"పళ్ళతో వినే ప్రాణం! అలాంటి లైను మళ్ళీ దొరుకుతుందా? నువ్వే చెప్పు."

ఆలోచించాను. దొరకదు. నిజంగానే మంచి లైను. అందుకే ఇంకా అసహ్యం.

మార్చి 7

ఆయన మనసు చెడ్డది కాదు. తీసేస్తారు.

మార్చి 10

రికార్డు చేసేవాళ్ళు ఆదివారం హాలుకి వస్తున్నారట. నచ్చితే ఆల్బమ్ వేస్తారట. కొత్త పాటే చివర పెట్టారు.

ఇవాళ ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తుంటే చంక దగ్గర పసుపు మరక మీద పెట్టె ఆపేశాను. పొగ వచ్చేదాకా చూస్తూ ఉన్నాను. తర్వాత తీసేశాను. ఆదివారం వేసుకునే చొక్కా కదా.

మార్చి 14

హాలుకి రావద్దని చెప్పడానికి మేస్త్రి గారి షాపుకి వెళ్ళాను. లోపల గిటార్లు పట్టుకుని మనుషులు నిలబడి ఉన్నారు. అందరూ నాకేసి తిరిగారు.

"ఏంటమ్మా, మళ్ళీ మర జారిందా?" అన్నారాయన, నా నోటికేసి చూస్తూ.

గొంతు దాకా వచ్చింది. అక్కడే చతికిలబడింది. అడ్డంగా తలూపి వచ్చేశాను.

నా నోరు పడిపోను. అవసరం లేనప్పుడు ఇంట్లో ఈయనతో అంతంత కబుర్లు చెప్తుంది.

మార్చి 16

ఇది రాయాలి. వరసగా రాయాలి.

హాలు నేల ఎప్పటిలాగే బంకగా ఉంది, చెప్పు ఎత్తితే చప్పుడొస్తోంది. అత్తయ్య, నేను గోడ పక్కన కూర్చున్నాం. మేస్త్రి గారు ముందు వరసలో ఉన్నారు. ఎప్పుడూ అక్కడే కూర్చుంటారు. ఎందుకో ఇప్పుడు తెలుసు. డ్రమ్ముల అదురు నేలలోంచి కాళ్ళకి ఎక్కుతుంది.

చివరి పాట వచ్చింది. ఈయన కళ్ళు మూసుకుని మొదలుపెట్టారు. దాపు చరణం దగ్గర అందరూ చెవులు రిక్కించారు. పాడారు. గుసగుసలు. రెండోసారి ఇంకా నిదానంగా పాడారు.

"పళ్ళతో అంటే హార్మోనికా వాడురా!" అని ఒకడు అరిచాడు. హార్మోనికా వాయించేవాడు లేచి, "కాదు బాబోయ్, నేను కొయ్య కొరకను, మా ఆవిడ వంటే కొరకలేక చస్తున్నా" అన్నాడు. నవ్వులు.

మూడోసారి. "తీగలంటున్నాడు, బిగించడం అంటున్నాడు…" అని నా వెనకాల ఎవరో మెల్లిగా అన్నారు. "స్వరం అడగడం ఏంటి? వినపడదనా?"

మేస్త్రి గారు నవ్వుతున్నారు. కాలితో తాళం వేస్తున్నారు. తన గుట్టు తన ముందే విప్పుతుంటే దానికే తలూపుతూ ఆనందిస్తున్నారు. ఆయనకి మాటలు అందవు, అదురు ఒక్కటే అందుతుంది. వేదిక మీద ఈయన మైకు నోటికి ఆనించి ఉన్నారు, పెదవులు కూడా కనపడవు.

నాలుగోసారి పాడేముందు ఈయన నాలుకతో పెదవి తడుపుకుని, కళ్ళు తెరిచి, తిన్నగా ముందు వరసకేసి చూశారు. వేలెత్తి చూపించినట్టే. జనం తలలు ఆ చూపు వెంబడి తిరగడం మొదలైంది. ముందు వరస వెనకాల వాడు ముందుకు వంగి మేస్త్రి గారి చెవి దగ్గర చిటిక వేయబోయాడు.

నేను లేచాను.

ఎలా లేచానో తెలియదు. ధైర్యం అనుకోవడానికి లేదు. పురుగు పాకితే విదిలించుకున్నట్టు లేచాను. చెయ్యెత్తాను. అత్తయ్య నా చీర పట్టుకుని "కూర్చోవే!" అని లాగింది. చెయ్యి దించలేదు.

దీపం వచ్చి మొహం మీద పడింది. ఏమీ కనపడలేదు. కాదంటారేమో అనుకున్నాను. అప్పుడు వేదిక మీద డ్రమ్ముల పక్కనుండే తాళం టంగుమని మోగింది.

"దొరికింది! వదినే!" మరిది గొంతు.

దాంతో హాలంతా అందుకుంది. దొరికింది, దొరికింది. నా పక్కన ఒకావిడ, "అయ్యో, అందుకేనా ఎప్పుడూ మాట్లాడదు! పొగరనుకున్నానే!" అని ఏడుస్తోంది. "మొగుడి గిటారు పళ్ళతో పట్టుకుని వింటుందంటర్రా" అని ఇంకెవరో. ఆ కథ అప్పటికప్పుడు పుట్టి, గోడ చేరేలోపు పెరిగిపోయింది. నా సిగ్గంతా ఇన్నాళ్ళూ దీనికే కూడబెట్టినట్టయింది. ఎవరికీ ఒక్క అనుమానం రాలేదు.

ఈయన మైకు నుంచి ఒక అడుగు వెనక్కి వేశారు. లేచినవాళ్ళదే పాట, కాదనకూడదు. కాదంటే ఎవరని అడుగుతారు. తర్వాత మైకు దగ్గరికి వచ్చి, గొంతు వణికించి అన్నారు.

"ఇన్నాళ్ళూ మీ దగ్గర దాచాను. నా మొదటి శ్రోత… నా పాట చెవితో వినలేదు."

ఆ అబద్ధం ఆయన నోట్లో ఎంత తేలిగ్గా కరిగిందో! చప్పరించారు.

మార్చి 17

"మేస్త్రి అయితే చప్పట్లే వచ్చేవి. నువ్వయ్యేసరికి ఏడ్చారే! రికార్డింగ్ ఆయన కూడా కళ్ళు తుడుచుకున్నాడు." పళ్ళు తోముకుంటూ అన్నారు, నురగ గడ్డం మీద కారుతుండగా. "అదరగొట్టావు. ముందే చెప్పి ఉంటే ఇంకో చరణం రాసేవాణ్ణి."

ఆ నురగ సింకులో ఊసి, నీళ్ళు పొయ్యకుండా వెళ్ళిపోయారు.

నిన్నటిదాకా పశ్చాత్తాపపడతారని నాకు ఎక్కడో ఉండేది. రాసుకోలేదు కానీ ఉండేది.

మార్చి 19

నేను షాపులోకి వెళ్ళగానే మేస్త్రి గారు తలుపు దగ్గరికి వేశారు. కూర్చోమనలేదు.

"చూసింది నువ్వు. చెప్పింది నువ్వు. లేచింది కూడా నువ్వే. మధ్యలో నేనెవర్నమ్మా?"

ఆయనకి ఎవరు చెప్పారో అడగలేదు. జనం నోళ్ళు చదివి ఉంటారు.

"తప్పయింది" అన్నాను.

"ఏంటి? నోరు సరిగ్గా తెరువు."

"తప్పయింది."

"వెలుగులోకి రా. ఇప్పుడు చెప్పు."

కిటికీ దగ్గరికి వెళ్ళి, పిల్లలకి అక్షరాలు నేర్పినట్టు ఒక్కొక్కటే విడదీసి చెప్పాను. మెల్లిగా గొణిగి తప్పించుకునే వీలు లేదు ఆయన దగ్గర. ఆయన జిగురు డబ్బా మూత బిగించి పక్కన పెట్టారు.

"నా అబద్ధం ఒకటి మోసుకుంటున్నాను. ఇప్పుడు నీది కూడా మొయ్యాలి. నువ్వు దొరికితే ఇద్దరం పోతాం, తెలుసా?"

తలూపాను.

"నీకు చెవుడు రాదు. చూడగానే తెలిసిపోతుంది. నేను తలుపు వేస్తే అటు చూశావు. చెవిటిది చూడదు." లేచారు. "సరే, చెడగొట్టావు. చేసేదేదో సరిగ్గా చెయ్యి. వెనకనుంచి ఎవరు పిలిచినా తిరక్కు. భుజం మీద చెయ్యి పడాలి, అప్పుడు తిరుగు. అందరూ నవ్వితే వెంటనే నవ్వకు. పక్కవాడి మొహం చూసి, తర్వాత నవ్వు."

"గిన్నె పడితే?"

"గిన్నె పడినా, కప్పు పడినా."

అలా అంటూనే నా వెనక్కి వెళ్ళి పట్టకారు నేల మీద పడేశారు. నేను గిరుక్కున తిరిగాను.

"చచ్చావు" అన్నారు. "మళ్ళీ."

పడేస్తూనే ఉన్నారు. సుత్తి, డబ్బా, చివరికి ఇనుప తీగల చుట్ట మొత్తం. కదలకుండా ఉండగలిగేసరికి ఇద్దరికీ చెమటలు పట్టాయి. ఆయన నవ్వారు. పక్కవాడి మొహం చూసి, తర్వాత నేనూ నవ్వాను.

వచ్చేటప్పుడు మాత్రం అన్నారు. "క్షమించానని అనుకోకు. పని నేర్పానంతే."

మార్చి 24

లాండ్రీ అక్క: "ఇన్నాళ్ళూ నా మాట లెక్కచెయ్యడం లేదనుకుని ఎన్ని తిట్టానో! వినపడి ఉంటే కొంప మునిగేది." అని నా చేతులు పట్టుకుని ఊపింది. నేను ఆమె నోటికేసి చూశాను. ఆ తిట్లన్నీ నాకు గుర్తే.

వీధిలో ఆడవాళ్ళు నాతో మాట్లాడేటప్పుడు నోళ్ళు బార్లా తెరుస్తున్నారు. ఎవరి పళ్ళ మధ్య ఏముందో అన్నీ కనపడుతున్నాయి. నేను పక్కనే ఉండగానే నా గురించి మాట్లాడుకుంటున్నారు. జాలి ఇంత జిడ్డుగా ఉంటుందని తెలియదు.

అందరికంటే ఈయన. నలుగురి ముందు నా గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుని, "టీ. తా-గు-తా-వా?" అంటారు. చూసేవాళ్ళ కళ్ళలో నీళ్ళు. నా గడ్డం మీద రంగు.

మేస్త్రి గారి షాపు ముందు మాత్రం మనుషులు తగ్గలేదు.

ఏప్రిల్ 2

ఆల్బమ్ అట్ట మీద నా ఫోటో వెయ్యాలన్నారు. గిటారు కొరుకుతూ.

వద్దన్నాను. "వద్దంటే ఎందుకొద్దందా అని అడుగుతారు. అడిగితే నేనేం చెప్పను?" అన్నారు. అది బెదిరింపో, నిజంగా అడిగారో తెలియలేదు. రెండూ ఒకలాగే ఉంటాయి ఆయన దగ్గర.

తెల్ల గోడ ముందు కూర్చోబెట్టారు. కొయ్య నోటి దగ్గరికి తెచ్చారు. పాత వార్నిషు, ఆయన అరచేతి చెమట, సిగరెట్టు. పళ్ళు ఆనించాను. ఆయన తీగలు మీటారు. మోత పళ్ళలోంచి దవడలోకి, దవడలోంచి పుర్రెలోకి పాకింది. చెవులు మూసుకున్నా ఆగని మోత. మేస్త్రి గారికి ఇది అన్నం. నాకు మాత్రం ఈయన నా తల లోపలికి వచ్చి కూర్చున్నట్టుంది.

ఒక తీగ శ్రుతి తగ్గి ఉంది. పళ్ళకి తెలిసింది. చెప్పలేదు.

"ఆ మొహం అలాగే ఉంచమనండి సార్" అన్నాడు ఫోటోగ్రాఫరు. "ఆ బాధ చూడండి, ఎంత బాగుందో."

బయటికి వచ్చి ఉమ్మేశాను. మళ్ళీ ఉమ్మేశాను.

ఏప్రిల్ 6

భోజనం అయ్యాక గోడకి చేరగిలబడ్డారు.

"ఊ, ఇవాళ ఏం చూశావు?"

నేను బట్టలు మడత పెడుతున్నాను. వీపు ఆయనవైపు ఉంది.

"నిన్నే. ఏమైనా చెప్పు. ఆల్బమ్‌కి ఇంకో పాట కావాలన్నారు."

చొక్కా చేతులు కలిపి మడిచాను. తువ్వాలు మడిచాను.

"ఇంట్లో ఎవరున్నారని ఈ వేషం?" గొంతు పెంచారు. పళ్ళెం నేలకేసి కొట్టారు. అది గుండ్రంగా తిరిగి తిరిగి ఆగింది. నేను కదల్లేదు. ఇంకో తువ్వాలు తీశాను.

అత్తయ్య వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "దేనికిరా ఆ చప్పుడు? దానికి చెవుడు కదా."

"అమ్మా, నువ్వు ఊరుకో. నీకూ తెలుసు."

"నాకేం తెలుసు? మైకులో చెప్పింది నువ్వు. ఊరంతా ఏడ్చింది. నేనూ ఏడ్చా, కాస్త."

"నాటకాలాడకు!"

"అయితే రేపు వెళ్ళి చెప్పు. మా ఆవిడకి చెవులు బాగానే ఉన్నాయి, నేనే అబద్ధమాడానని. నేనూ వస్తా, పద. మంచి పాటవుతుంది, నువ్వే దొరుకుతావు."

ఆయన చెప్పులు వేసుకుని బయటికి పోయారు. తలుపు ధడాలుమంది. అత్తయ్య వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. తిరిగాను. రెండు చేతులూ గాలిలో పెద్ద పెద్దగా తిప్పుతూ, కిటికీ వెయ్యనా, వద్దా అని సైగ చేసింది. నవ్వు ఆపుకోలేక బుగ్గలు ఉబ్బి ఉన్నాయి.

ఏప్రిల్ 8

ఇవాళ నేను వచ్చేసరికి ఆయన బీరువా దగ్గర ఉన్నారు. చొక్కా వెతుక్కుంటున్నానన్నారు. చొక్కాలు ఉండేది ఆ అరలో కాదు. ఈ పుస్తకం ఉండేది అందులో.

ఏప్రిల్ 11

లాండ్రీ నుంచి వస్తూ మేస్త్రి గారి షాపు వైపు వెళ్ళాను. గుమ్మంలో నీడ వేసి నిలబడ్డాను. తలెత్తి చూసి, చేతిలో పని ఆపకుండా పక్కనున్న బల్ల చూపించారు. కూర్చున్నాను.

అక్కడ ఒకటి చూశాను.

ఇక్కడ కూడా రాయను.